టైలు కింద కనిపించని పని
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి పని గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు కోరినారు. ఈనాడు నిజామాబాద్‌లో గాని, బోధన్, శక్కర్‌నగర్ వైపు గాని ఇల్లు కట్టేవారు ఎక్కువగా పోర్సిలిన్ టైల్స్ అడుగుతున్నారు. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బు, తల్లి కూడబెట్టిన సొమ్ము ఆ నేల మీదనే పరుస్తున్నారు. రెండేండ్లు తిరగకముందే టైల్స్ లేచిపోతే ఆ బాధ ఇంతా అంతా కాదు. లోపం టైలుది కాదు, చాలాసార్లు దాని కింద పనిది.

మన పెద్దల ఇండ్లలో తాండూరు, షాబాదు బండలు ఉండేవి. మందంగా, బరువుగా ఉండే బండను మాల్ మీద పరచి కొడితే కూర్చునేది. తరువాత వచ్చిన గోడ టైలు తన బరువులో పదో వంతుకు మించి నీళ్ళు తాగుతుంది. అందుకే దాన్ని నానబెట్టి సిమెంటు పాలతో అంటించేవారు. పోర్సిలిన్ సంగతి వేరు. సుమారు 1200 డిగ్రీల వేడిలో కాలిన ఈ టైలు అర శాతం నీరు కూడా తాగదు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చేది ఎక్కువగా ఈ రకమే. నీళ్ళు తాగని దానికి సిమెంటు పాలు గట్టిగా పట్టవు. దీన్ని నానబెట్టి లాభం లేదు. టైల్ అడ్హెసివ్ అని సంచుల్లో అమ్మే గమ్ము సిమెంటు వాడాలె.

మొదట నేల సంగతి. బోధన్ వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అందుకని పునాదిలో మొరం పొరలు పొరలుగా పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిస చేసి, పైన కాంక్రీటు వేసి ఆరనివ్వాలె. తొందరపడితే నేల కుంగుతుంది, టైలు పగులుతుంది.

టైలు వెనుక దుమ్ము తుడవాలె. గమ్మును పళ్ళున్న తాపీతో ఒకే వైపుకు గీతలు గీతలుగా పరచి, పెద్ద టైలుకు వెనుక కూడా పలుచగా పూయాలె. ఎండాకాలంలో గమ్ము త్వరగా పొర కడుతుంది, కాబట్టి కొద్దికొద్దిగానే పరచాలె. కొందరు నాలుగు మూలలా, నడుమ ఒక్కొక్క ముద్ద పెట్టి, ‘అదే కూసుంటది’ అంటారు. ముద్దల నడుమ బోలు మిగులుతుంది. దాని మీద బరువు పడితే టైలు పగులుతుంది, గోడ మీదైతే ఊడిపడుతుంది. ఇంటివారికి ఒక పరీక్ష చెప్తాను. పచ్చిగా ఉన్నప్పుడే ఒక టైలు పైకి లేపించి వెనుక చూడండి. అమెరికా ప్రమాణం ప్రకారం పొడి గదిలో 80 శాతం, నీళ్ళు పడే చోట 95 శాతం గమ్ము అంటి ఉండాలె.

టైలుకు టైలు ఆనించి వేస్తేనే అందమనుకోవద్దు. వేడికి అవి సాగుతాయి. నడుమ 2 నుంచి 3 మిల్లీమీటర్లు, గోడల అంచున 5, 6 మిల్లీమీటర్లు సందు ఉంచాలె. లేకుంటే ఒకరోజు టైల్స్ పందిరిలాగా లేస్తాయి.

స్నానాల గదిలో టైల్స్ వేయకముందే నీరు ఇంకని పూత పూసి, తూము మూసి, ఒక రోజంతా నీళ్ళు నిలిపి చూడాలె. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు తూము వైపు ఉండాలె. మస్జిద్ వజూఖానాలో, ముసలివారు తిరిగే స్నానాల గదిలో నున్నని మెరిసే టైలు వద్దు, గరుకుదే వేయండి. తుంటి ఎముక విరిగితే మంచం పాలయ్యేది మన అమ్మా, నాన్నలే.

ఇక మన పిల్లల మాట. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డది. శక్కర్‌నగర్ నౌకరీ మీద ఆశ పెట్టుకునే రోజులు పోయినై, చేతిపని కావాలె. టైల్స్ పని మంచిదే గాని, పొడిగా కోసినప్పుడు లేచే తెల్ల దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, పాడైన ఊపిరితిత్తిని బాగుచేసే మందు లేదు. ఇంతకన్నా ఎక్కువ సిలికా ఉండే కృత్రిమ క్వార్ట్జ్ పలకలను ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి నిషేధించింది. పోర్సిలిన్‌కు ఆ నిషేధం లేదు, జాగ్రత్త మాత్రం తప్పదు. బ్లేడు మీద నీళ్ళు పడుతుండగా కోయాలె, మంచి మాస్కు కట్టాలె. ముఖానికి దస్తీ చుట్టుకుంటే ఆ సన్న దుమ్ము ఆగదు. తడికోత మిషను, మాస్కు ఇవ్వమని మేస్త్రీని అడగడం తప్పు కాదు, ఇప్పించే బాధ్యత ఇంటివారికీ ఉంది.

18 నుంచి 60 ఏండ్ల లోపువారు, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. చదువు రానివారికి ఫారం నింపిపెట్టే పని మన సంఘం యువకులు తలకెత్తుకోవాలని మనవి.

చదరపు అడుగుకు రెండు రూపాయలు తగ్గించమని మేస్త్రీతో బేరం చేసేటప్పుడు ఆ రెండు రూపాయలు ఎక్కడ తగ్గుతాయో ఆలోచించండి. పైన తగ్గవు, టైలు కిందనో, కుర్రవాడి ఊపిరిలోనో తగ్గుతాయి.