శివరాత్రి జాగారం – చుక్కల దర్శనం

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి ముందు వక్తలు చెప్పారు. నాకిచ్చిన విషయం ఆకాశం. అది బకాయి పడకుండా ప్రతి రాత్రీ వస్తూనే ఉంది, మనమే తీసుకోవడం లేదు.

సెలవులకు బెంగళూరు నుండి వచ్చిన మా మనవరాలు, "తాతా, పాలపుంత నిజంగా కంటికి కనిపిస్తుందా?" అని అడిగింది. ఆ రాత్రే మిద్దె మీదికి తీసుకెళ్లాను. పైన నిండు చందమామ, కింద వీధి దీపం. నాలుగు చుక్కలు లెక్కపెట్టి దిగి వచ్చాం. సర్వీసంతా క్యాలెండరు చూడకుండా టూరు వేయని నేను, ఆ రోజు పంచాంగం చూడలేదు.

చుక్కలు చూడటానికి ముందుగా చూడవలసింది తిథి. బహుళ అష్టమి దాటితే అర్ధరాత్రి వరకు చంద్రుడి బెడద ఉండదు. ఇక నెల. మన సీమలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల మబ్బులు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకాశం తేటగా ఉంటుంది. ఈ రెండూ కలిసే రాత్రి ఏది? మాఘ బహుళ చతుర్దశి, మహాశివరాత్రి! చంద్రుడు తెల్లవారుజామున సన్నని రేఖగా లేస్తాడు. ఎలాగూ జాగారమే. సినిమాలు చూసి గడిపే ఆ రాత్రిని ఆకాశం కింద గడపమని నా మనవి.

ఎనిమిది గంటలకు నడినెత్తిన మృగశిర, పడమటగా పిల్లలకోడి, అంటే కృత్తికలు. దక్షిణాన తెల్లగా వెలిగేది అగస్త్యుడు. చేయి చాచి పిడికిలి పట్టి కొలవండి, నేలకు రెండు పిడికిళ్లకు కాస్త పైన ఉంటాడు. ఢిల్లీ వారికి ఒక్క పిడికిలి ఎత్తు కూడా లేవడు. ఉత్తరాన ధ్రువుడు మనకు పిడికిలికి కాస్త పైన. ఇద్దరినీ ఒకే రాత్రి చూసే భాగ్యం మనది.

ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు గారు వెతికినది ఇలాంటి చోటే. హైదరాబాదులో పెరిగిన ఆయన, దక్షిణాకాశం బాగా కనిపించే చోటు కోసం చూసి, జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. కుప్పం నుండి తిన్నగా కొలిస్తే 60 కిలోమీటర్ల లోపే. అక్కడ 2.34 మీటర్ల టెలిస్కోపు కోసం ఎంతో శ్రమించి, అది పూర్తికాకముందే 1982లో కన్నుమూశారు. 1986 జనవరిలో ప్రధాని రాజీవ్ గాంధీ దానిని ప్రారంభించారు. మనకు అంత సామగ్రి అక్కరలేదు. చాప, దుప్పటి చాలు.

పది దాటాక ఈశాన్యంలో సప్తర్షులు పైకి వస్తారు. వశిష్ఠుని పక్కన అరుంధతి. పెళ్లినాడు పురోహితుల వారు పట్టపగలే చూపించారు, మనమూ చూశామన్నాం! ఇప్పుడైనా ఇంటావిడతో కలిసి నిజంగా చూడవచ్చు. కనిపించకపోతే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. శుక్లాల ఆపరేషను వాయిదా వేస్తున్నవారు మరీ ముఖ్యం. తెల్లవారుజామున నాలుగుకు వృశ్చికం, దాని పక్కన పాలపుంతలోని దట్టమైన భాగం. మా మనవరాలికి చూపవలసింది అదే.

వయసు మళ్లిన కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పైనే పడుతుంది. సెల్‌ఫోను ఒక్కసారి తెరిస్తే మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర గుడ్డ కట్టండి. హార్సిలీ కొండ నాలుగు వేల అడుగుల పైన ఉంది కనుక మఫ్లరు, స్వెట్టరు తప్పవు. రాత్రిపూట ఘాట్ రోడ్డులో దిగవద్దు, అక్కడే బస చేయండి. పొలంలో కూర్చునేవారు బావి, గట్లు పగలే చూసుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు ఉపవాసంతో రావద్దు. ఈశ్వరుడేమీ అనుకోడు, మీ అబ్బాయిని ఆసుపత్రికి పరుగెత్తించడం మాత్రం బాగుండదు.

రాదలచినవారు, మనవళ్లు మనవరాళ్లతో సహా, పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వగలరు. మబ్బు పట్టితే మరునాడు అమావాస్య ఉండనే ఉంది.