మంచాన పడ్డోణ్ణి లేపే చేతులు
(ఒక నర్సు ప్రసంగ పాఠం)



వెన్నుపాము దెబ్బతిన్నోళ్ళ గురించీ, వాళ్ళను మళ్ళీ కదిలించే నర్సుల గురించీ మాట్లాడమన్నారు. ఇది ఆసుపత్రి ముచ్చట, ఉద్యమానికి ఏం పని అని కొందరికి అనిపించొచ్చు. కృష్ణా డెల్టాలో వెన్ను విరిగేది ఎవరికో చూడండి. తాడిచెట్టెక్కే గౌడన్నకు, కొబ్బరిచెట్టెక్కే మన పేట కుర్రోడికి, బెజవాడలో పరంజా మీద ఇటుకలందించే కూలీకి, ధాన్యం బస్తాల ట్రాక్టరు మీద కూర్చుని పోయే హమాలీకి. చెట్టు మీద కూర్చుని వడ్డీ లెక్కలు చూసే ఆసామి ఎవడూ లేడు కదా!

పడినోణ్ణి మనమేం చేస్తాం? నలుగురం చేరి కాళ్ళూ చేతులూ పట్టుకుని, బస్తా ఎత్తినట్టు ఎత్తి ఆటోలో కుదేస్తాం. ప్రేమతోనే చేస్తాం. కానీ సగం నలిగిన వెన్నుపాము ఆ ఎత్తుడుకు పూర్తిగా చితికిపోవచ్చు. 108 వచ్చేదాకా కదపకుండా ఉంచడం మేలు. కదపక తప్పదంటే ఒకరు తలా మెడా కదలకుండా పట్టుకుని మాట చెప్పాలి, మిగతావాళ్ళు ఒకేసారి దుంగను దొర్లించినట్టు దొర్లించి తలుపు చెక్క మీదికి చేర్చాలి.

ఆపరేషన్ ఎముకను నిలబెడుతుంది. నలిగిన నరాన్ని అతికించే మందు ఇప్పటికీ లేదు. కాళ్ళు కదలకపోవడం అందరికీ కనపడుతుంది. కనపడని ప్రమాదం ఏంటంటే, దెబ్బ తగిలిన చోటు నుంచి కిందికి స్పర్శ ఉండదు, మూత్రం, దొడ్డి మీద పట్టు ఉండదు. మనం నిద్రలో కూడా నొప్పెట్టి పక్కకు ఒత్తిగిలుతాం. అతనికి నొప్పి తెలీదు. ఒకే పక్కన పడుంటే పిరుదుల దగ్గర, మడమల దగ్గర రక్తం ఆడక చర్మం చచ్చి పుండు పడుతుంది. అది ఎముకదాకా పోతుంది. మనోళ్ళు చాలామంది వెన్ను విరిగి చావలేదు, ఆ పుండుతో, మూత్రం చీముతో చచ్చారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సిపాయిల్లో ఎక్కువమంది అట్లాగే పోయారు. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు కొత్త వార్డు పెట్టాడు. హిట్లర్ నుంచి తప్పించుకొచ్చిన యూదుడు. వెలివేత అంటే ఏంటో ఎరిగినవాడు. రాత్రీ పగలూ రెండు గంటలకోసారి ప్రతి రోగినీ పక్కకు తిప్పాలన్నాడు. చెప్పింది డాక్టరు, తిప్పింది నర్సులూ వార్డు సిబ్బందీ. 1948లో అక్కడే 16 మంది రోగులు వీల్‌చైర్లలో కూర్చుని విలువిద్య పోటీ ఆడారు. ఇప్పటి పారాలింపిక్స్ మూలం అది.

రెండు గంటలకోసారి అంటే రోజుకు 12 సార్లు. నర్సు తిప్పడమే కాదు, ప్రతిసారీ ఒళ్ళు చూస్తుంది. ఎర్రమచ్చ కనపడితే ఆ పక్క మళ్ళీ పడుకోబెట్టదు. కీళ్ళు బిగుసుకుపోకుండా కాళ్ళు మడిచి చాపుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రంగా చేతులు కడుక్కుని సన్న గొట్టంతో మూత్రం తీయడం రోగికే నేర్పుతుంది. రోజూ ఒకే వేళకు దొడ్డికి పోయే అలవాటు చేస్తుంది. కొన్నాళ్ళకు తలవైపు మంచం కొద్దికొద్దిగా లేపుతుంది, ఒక్కసారే కూర్చోబెడితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టుతో కలిసి మంచం మీంచి కుర్చీలోకి చేతుల బలంతో జరగడం. నరం పూర్తిగా తెగనివాళ్ళలో కొందరు నడుస్తారు. పూర్తిగా తెగినవాళ్ళు చక్రాల కుర్చీలో తిరుగుతారు. నడిస్తేనే మనిషి అనుకోవద్దు. కుర్చీలో కూర్చుని కిరాణా కొట్టు నడిపేవాడు తన కాళ్ళ మీద నిలబడ్డట్టే.

మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మకు 1954లో కారు ప్రమాదంలో వెన్ను విరిగింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో వెల్లూరులో వెన్ను విరిగినోళ్ళ కోసం పునరావాస కేంద్రం నిలబెట్టింది. బెజవాడలో రైలెక్కి కాట్పాడిలో దిగే మనోళ్ళకు వెల్లూరు తెలుసు. అప్పు చేయకుండా వెళ్ళగలిగేది ఎంతమంది?

ఇక కులం సంగతి. మలమూత్రాలు తీసే చేతిని ఈ దేశం అంటరాని చెయ్యి అంది. పెద్దకులాల ఆడవాళ్ళను నర్సు పనికి పంపడం చాలాకాలం నామోషీ అనుకున్నారు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచింది. అట్లాంటి మిషన్ ఆసుపత్రుల్లోనే మన క్రైస్తవ మాల, మాదిగ ఆడపిల్లలకు తెల్లచీర దొరికింది. మైల అన్న పనిని చదువుకున్న పనిగా మార్చింది వాళ్ళే. ఇవాళ జీతం పెరిగాక అన్ని కులాలూ వస్తున్నాయి, రానివ్వండి. కానీ బెడ్‌పాన్ ఎత్తే ఆయా మాత్రం ఇంకా కాంట్రాక్టు మీదే, ఇంకా మన పేట మనిషే.

బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. నేను పనిచేసిన ఒక వార్డులో రాత్రిపూట 40 మందికి ఇద్దరం ఉండేవాళ్ళం. రెండు గంటలకోసారి ఎవర్ని తిప్పను? రోగి భార్యకు నేర్పాను. ఆమె కూలి పోగొట్టుకుని నా డ్యూటీ చేసింది. పోస్టులు నింపమని అడగడం నర్సుల జీతాల గొడవే అనుకునేవాళ్ళు ఆ భార్యను అడగండి.

ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో చెప్తా. సైకిలు ట్యూబు గాలి ఊది పిరుదుల కింద పెడతారు. వద్దు, చుట్టూరా ఒత్తుకుని రక్తం ఆగుతుంది. మందపాటి ఫోము పరుపు మేలు. వేడినీళ్ళ కాపడం పెట్టొద్దు, కాలినా తెలీదు. ఎర్రమచ్చను రుద్దొద్దు. పొద్దునా సాయంత్రం అద్దం ముక్కతో వెనక చూసుకోవాలి. కుర్చీలో ఉన్నోడు పావుగంటకో, అరగంటకో చేతులానించి పిరుదులు లేపాలి. వెన్నులో ఛాతీ మధ్య దగ్గర గానీ, అంతకు పైన గానీ దెబ్బ తగిలినోడికి ఉన్నట్టుండి తలపోటొచ్చి ముఖం చెమట పడితే వెంటనే కూర్చోబెట్టండి, మూత్రం గొట్టం మడత పడిందేమో చూడండి. తగ్గకపోతే ఆసుపత్రికి పరిగెత్తాలి, బీపీ పెరిగి ప్రాణం పోవచ్చు.

ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలో ఎంఎల్‌హెచ్‌పీ ఉంటుంది, బీఎస్సీ నర్సింగ్ చదివిన మనిషి. వారానికోసారి ఈ ఇళ్ళకు రమ్మని సంఘంగా అడగండి. ఆమె మీద అరవొద్దు, ఆమెకూ పైనుంచి రిజిస్టర్ల మోత ఉంది. అడగాల్సింది మండల డాక్టరును, కలెక్టరును. చక్రాల కుర్చీ ఇచ్చి ఫోటో దిగుతారు, పేటలోకి రోడ్డు ఉండదు. వానాకాలం కాలవ గట్టు మీద బురదలో కుర్చీ ఎట్లా కదుల్తుంది? సిమెంటు రోడ్డు అడిగేటప్పుడు ఆ ఇంటి గడప దాకా అడగండి, గడప దగ్గర వాలు కట్టించండి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2024 జూలై నుంచి పక్షవాతంతో మంచానికీ, చక్రాల కుర్చీకీ పరిమితమైనోళ్ళకు రాష్ట్రంలో నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి. మీ పేటలో మంచాన ఉన్నోళ్ళ పేర్లు రాసుకురండి. సర్టిఫికెట్ ఎవరికుంది, ఎవరికి లేదు, ఎవరికి పుండు పడింది, మూడూ విడివిడిగా రాయండి. పుండున్న ఇంటికి ముందు పోదాం.