మూసిన గదిలో మంట



భిలాయి ఉక్కు నగరవాసులకు విషవాయువును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. 2014 జూన్ 12న ఇచ్చటి కర్మాగారపు పంపుహౌసులో నీటి ఒత్తిడి తగ్గి, బ్లాస్ట్ ఫర్నేసు వాయువు వెలువడి ఆరుగురు అసువులు బాసిరి. అందలి కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. చలిరాత్రి తలుపులు బిగించిన బ్రేకువ్యానులో గాని, గేటుగదిలో గాని, ఆర్.ఎం.ఎస్. గదిలో గాని బొగ్గుల కుంపటి నుండి పుట్టునదియు అదియే. తలనొప్పి, మగత తోచిన తక్షణమే బయటి గాలికి రావలెను.

వంటగ్యాసుకు వాసన కలిపెదరు. కాని అది గాలికంటె బరువైనది. నేలబారున ప్రాకి నిప్పురవ్వకై కాచియుండును. 2023 ఆగస్టు 26న మదురైలో యాత్రికుల రైలుపెట్టెలోనికి దొంగచాటుగా చేర్చిన సిలిండరు తొమ్మిదిమందిని బలిగొన్నది.

కుంపటి మానుడని చెప్పినంతమాత్రమున చలి తీరదు. పొగలేని విద్యుత్తు వేడి, సరిగా బిగియు తలుపులు, కంబళి యాజమాన్యమే సమకూర్చవలెనని ప్రతి శాఖయు వ్రాతమూలకముగా కోరవలెను.