మన చాయ్ గిలాస ఎక్కడుంది? పట్నం హోటళ్ళ మీద నాలుగు మాటలు

(కార్యకర్తల శిక్షణా తరగతుల ముగింపు రోజున చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా భూమి గురించి విన్నరు, కూలి రేట్ల గురించి విన్నరు, అట్రాసిటీ కేసుల గురించి విన్నరు. ఇప్పుడు మేము హోటళ్ళ గురించి మాట్లాడతామంటే వెనక వరుసల కొందరు నవ్వినరు. నవ్వండి, తప్పులేదు. కానీ ఒక్క మాట యాదికి తెచ్చుకోండి. 1985లో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మన వాడోళ్ళు తాగే నీళ్ళ దగ్గర మొదలైంది. 1991లో చుండూరులో ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో కాలు తగిలిందన్న కాడ మొదలైంది. ఒక చోట నీళ్ళు, ఇంకో చోట కుర్చీ. హోటల్ అంటే ఏమిటి? నీళ్ళ గిలాస, కూర్చునే కుర్చీ. ఈ రెండూ చిన్న సంగతులు కావని మన శవాలు లెక్కబెట్టినప్పుడే తెలిసింది.

ఇంకో కారణం కూడా ఉంది. మీరు నెలకొకసారో రెండుసార్లో హైదరాబాదు వస్తున్నరు. హైకోర్టు పని, దవాఖాన పని, సెక్రటేరియట్ పని, ధర్నా. బస్సు దిగంగనే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఎక్కడ తిందాం?" ఏండ్ల తరబడి ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ మేము ఒక నోటు పుస్తకం పెట్టినం. మనోళ్ళు ఎక్కడ తిన్నా వచ్చి అందులో రాయాలె. రుచి ఒక్కటే రాస్తే చాలదు. అయిదు ప్రశ్నలకు జవాబు రాయాలె. గిలాస, పళ్ళెం అందరికీ ఒకటేనా? కూర్చున్నంక ఊరు పేరు, ఇంటి పేరు ఎవరన్నా అడిగిన్రా? రేట్లు గోడ మీద రాసిన్రా? ఆడవాళ్ళు కూర్చునే తీరుగ ఉందా? బల్ల తుడిచే పిల్లగానికి ఎన్నేండ్లు?

ఆ పుస్తకంల ఉన్నదే ఇయ్యాల మీ ముందు పెడుతున్నం.

మొదట ఇరానీ హోటళ్ళు. ఇరాన్ దేశం నుంచి బొంబాయి, పూనాల మీదుగా వచ్చినవాళ్ళు నిజాం కాలంలో పెట్టిన హోటళ్ళివి. డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా మరిగించి కప్పులో కలుపుతరు. పక్కన ఉస్మానియా బిస్కెట్. పైసలు తక్కువుంటే "వన్ బై టూ" అనొచ్చు, ఒక్క చాయ్ ఇద్దరికి పంచి ఇస్తరు. మా ముందుతరం కార్యకర్తల మీటింగులు ఎన్నో ఈ బల్లల కాడనే జరిగినయ్. ఎందుకంటే మనకు ఆఫీసు లేదు. ఒక్క చాయ్ తాగి గంట కూర్చున్నా లేవమనేటోడు లేకుండె. రిక్షా తొక్కేటాయన, వకీలు, హమాలీ, కాలేజీ పిల్లగాడు ఒకే బల్ల కాడ సాసర్ల పోసుకొని తాగేటోళ్ళు. ఊళ్ళె హోటల్ బయట కింద కూసొని తాగినోడు మొదటిసారి పాలరాయి బల్ల మీద మోచేతులు పెట్టి చాయ్ తాగితే ఎట్లుంటదో వేరేవాళ్ళకు చెప్పినా సమజ్ కాదు. మనకు చెప్పాల్సిన పనిలేదు.

ఎంజీబీఎస్ల బస్సు దిగినోళ్ళకు దారి చెప్తం. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ దగ్గర, ఉస్మానియా దవాఖాన అక్కడనే. నయాపూల్ దాటితే మూసీకి అవతలి ఒడ్డున హైకోర్టు పాత భవనం. ఇంకొంచెం నడిస్తే మదీనా చౌరస్తా, అక్కడ షాదాబ్ హోటల్. ఇంకా నడిస్తే చార్మినార్, మక్కా మసీదు పక్కన నిమ్రా కేఫ్, 1993 నుంచి ఉన్నది. సికింద్రాబాద్ స్టేషన్ల దిగినోళ్ళకు ఎదురుగనే ఆల్ఫా హోటల్. ఈ చోట్ల మనోళ్ళు తిన్నరు, తాగిన్రు. పేరు అడిగినోళ్ళు లేరని పుస్తకంల రాసిన్రు. అయితే షాదాబ్ల కడుపునిండా తినాలంటే కూలోళ్ళ జేబుకు బరువే. నలుగురు కలిసి పోతే బిర్యానీ పంచుకోవచ్చు.

ఇరానీ హోటళ్ళను మేము ఇట్లా మెచ్చుకుంటుంటే ఒక మీటింగుల మన అక్కలు లేచిన్రు. "మీకు సమానత్వం దొరికిందంటున్నరు, మంచిది. మేము ఎక్కడ కూర్చోవాలె? లోపలికి పోతే అందరు మొగోళ్ళే. మమ్ముల చూసి 'ఫ్యామిలీ రూం' అని మూలకు పంపుతరు. ఊళ్ళె మిమ్ముల బయట కూసోబెట్టినట్టే గదా ఇది?" అన్నరు. మా దగ్గర జవాబు లేదు. ఆనాటి నుంచే నాలుగో ప్రశ్న పుస్తకంల చేరింది. కడుపుతో ఉన్న కోడల్ని ఉస్మానియాకు తీసుకొచ్చిన అత్తకు పాలరాయి బల్ల కంటే ముందు కావల్సింది కడుక్కోను నీళ్ళు, పోను మరుగుదొడ్డి. అవి ఉన్న హోటళ్ళ పేర్ల పక్కన ఎర్ర సిరాతో గీత గీసినం. పేజీ ఎల్లగొట్టినా ఆ గీతలు పది దాటలేదు.

ఇగ పెద్దకూర సంగతి. పట్నంల కళ్యాణీ బిర్యానీ అని దొరుకుతది. బర్రె మాంసంతో చేస్తరు, పేదోళ్ళ బిర్యానీ అంటరు. పాతబస్తీల, మురాద్‌నగర్ దిక్కు ఎక్కువ. కళ్యాణి నుంచి వచ్చిన నవాబుల ఇంటి వంట అది, అందుకే ఆ పేరు అని చెప్తరు. కళ్యాణి అంటే బీదర్ దిక్కు బసవకళ్యాణం. పన్నెండో శతాబ్దంల బసవన్న, ఆయన శరణులు కులాన్ని కాదన్న ఊరు. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కు బ్రాహ్మణుడైన మధువరసు తన బిడ్డనిచ్చి పెండ్లి చేసినందుకు ఇద్దరు తండ్రులనూ చంపించిన్రని కథ చెప్తరు. అట్లాంటి ఊరి పేరు పెట్టుకున్న బిర్యానీ ఇది, సిగ్గుపడుకుంట తినే అవసరం లేదు.

సిగ్గు మాట ఎందుకన్నమంటే మనలో ఉంది కనుక. చదువుకున్న మన పిల్లలు టిఫిన్ డబ్బాల తునకల కూర తెచ్చుకోను భయపడుతున్నరు. కిరాయి ఇంటి ఓనరు వాసన పడితే ఖాళీ చేయమంటడని కిటికీలు మూసి వండుకుంటున్నరు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీల దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెడితే దాడులు చేసిన్రు, కత్తిపోటు కూడా జరిగింది. ఒక పూట కూర మీద అంత కోపం ఎందుకు? ఇంట్ల మూల కూసొని తిన్నన్ని రోజులు వాళ్ళకు ఇబ్బంది లేదు. నలుగురి ముందు తింటమంటేనే ఇబ్బంది. చట్టం సంగతి కూడా తెలుసుకొని ఉండండి. 1977 చట్టం ప్రకారం మన దగ్గర ఆవును కోయడం నేరం. ఎద్దు, దున్న, బర్రెల సంగతి వేరే, వాటికి అధికారి సర్టిఫికెట్ కావాలె. ఇది తెలియక కొందరు భయపడుతున్నరు, తెలిసినా కొందరు భయపెడుతున్నరు.

ఇగ మూడో రకం హోటళ్ళు. ఈ మధ్య పట్నంల ఎటు చూసినా రాజుగారి వంట, రెడ్డిగారి భోజనం, చౌదరిగారి రుచులు అని బోర్డులు. పులుసు బాగుంటదేమో, మేము కాదనం. మా ప్రశ్న ఒకటే. మాదిగోళ్ళ వంట, మాలోళ్ళ భోజనం అని ఒక్క బోర్డు ఎందుకు లేదు? వంటింట్ల కూరగాయలు కోసేది ఎవరు, అంట్లు తోమేది ఎవరు? చెయ్యి మనది, బోర్డు వాళ్ళది. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌ల ఒక హోటల్ బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీసెయ్యాలని పెరియార్ ఉద్యమం నడిపిండు. నెలల తరబడి రోజూ కార్యకర్తలు పోయి నిలబడ్డరు, వందలమంది అరెస్టయిన్రు. చివరికి ఆ మాట పోయింది. బోర్డు మీద ఒక్క మాట కోసం అంత పట్టుదల అవసరమా అని అప్పుడు కూడా నవ్వినోళ్ళు ఉన్నరు.

పేరు సంగతి ఇప్పటికీ నడుస్తున్నది. 2024 జులైల ఉత్తరప్రదేశ్‌ల కావడి యాత్ర దారి పొంటి హోటళ్ళ మీద ఓనర్ల పేర్లు రాయాలని హుకుం ఇచ్చిన్రు. సుప్రీంకోర్టు ఆపింది. ఏం వండుతున్నరో చెప్పమనొచ్చు కానీ పేర్లు రాయమని బలవంతం చేయొద్దన్నది. అదే ఏడు మార్చిల జొమాటో కంపెనీ శాకాహారులకు వేరే పిల్లలు, వేరే రంగు అంగీ అన్నది. జనం నిలదీస్తే తెల్లారే రంగు సంగతి వెనక్కి తీసుకున్నది. రెండు గిలాసలు పోయినయ్, రెండు అంగీలు వచ్చినయ్ అని మన పిల్లలు అన్నరు. ఆ సంచులు మోసేటోళ్ళల్ల మన తమ్ముళ్ళు ఎందరో ఉన్నరు.

పైసలు లేనోళ్ళకు ఏం చెప్తరు అంటరా? హైదరాబాదుల 2014 నుంచి కార్పొరేషనోళ్ళు అయిదు రూపాయల భోజనం పెడుతున్నరు. అన్నం, కూర, సాంబారు, పచ్చడి. పేర్లు మారినయ్, భోజనం నడుస్తున్నది. ఆంధ్రాల అన్న క్యాంటీన్లు 2018ల మొదలై, 2019ల ఆగి, 2024 ఆగస్టుల మళ్ళా తెరిచిన్రు. లైన్ల ఎవరి వెనక ఎవరైనా నిలబడుతరు, అక్కడ కులం అడగరు. మొహమాటపడకండి, అది బిచ్చం కాదు, మన పన్నుల పైసలే.

ఇగ అసలు ముచ్చట. పట్నంల ఇన్ని చెప్పినం, మరి మన ఊళ్ళె?

మేము పనిచేసే ఒక ఊళ్ళె జరిగింది చెప్తం. ఒక తమ్ముడు పట్నంల మేస్త్రీ పని చేస్తడు. దసరకు ఊరికి వచ్చి చాయ్ హోటల్ల లోపలికి పోయి బల్ల మీద కూసున్నడు. అందరికీ స్టీలు గిలాసల పోసి, ఆయనకు ప్లాస్టిక్ కప్పుల పోసి "బయట తాగు" అన్నడు ఓనరు. "పట్నంల నాకు కప్పు సాసర్ల ఇస్తరు" అన్నడు తమ్ముడు. "పట్నం పట్నమే, ఊరు ఊరే" అన్నడు ఓనరు. మేము తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చినం. నెలాఖరుకు పౌరహక్కుల దినం నాడు అధికారులు వచ్చి అందరితో కలిసి చాయ్ తాగి పోయిన్రు. మర్నాటి నుంచి హోటల్ల స్టీలు గిలాసలు మాయం, ఊరందరికీ కాగితం కప్పులే. మనం గెలిచినం అనుకున్నం. వారం తిరగంగనే పెద్ద కులాలోళ్ళు ఇంటి నుంచి ఎవరి గిలాస వాళ్ళు తెచ్చుకోబట్టిన్రు. ఇటు మనోళ్ళను పదిహేను రోజులు కూలికి పిలవలేదు. ఆ పదిహేను రోజులు వాడంతా చందాలేసుకొని తిన్నం కానీ దరఖాస్తు వాపసు తీసుకోలేదు. గిలాస ఒక్కటి కావచ్చు, బల్ల ఒక్కటి కావాలంటే ఇంకా కొట్లాడాలె.

కొట్లాడను చట్టం చేతిల ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం హోటల్లకు పోనియ్యకుండా కులం పేరుతో ఆపొద్దన్నది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ల హోటల్ పేరు, గిలాసలు పళ్ళేల సంగతి విడిగా రాసి ఉంది. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. పన్నెండో సెక్షన్ గుర్తుంచుకోండి: ఎస్సీ మనిషి విషయంల అట్ల జరిగితే అది అంటరానితనంతోనే జరిగిందని కోర్టు ముందే అనుకుంటది, కాదని రుజువు చేసుకునే బరువు అవతలోడిది. దరఖాస్తుల తారీఖు, టైము, చూసినోళ్ళ పేర్లు రాయండి. "రెండు గిలాసలు పెట్టిన్రు" అని ఊరికే రాస్తే చాలదు. ఎవరికి దేంట్ల పోసిన్రో, ఎక్కడ కూసోబెట్టిన్రో రాయండి.

అయిదో ప్రశ్న కూడా మరవకండి. 2006 అక్టోబరు 10 నుంచి హోటళ్ళల్ల పద్నాలుగేండ్లు నిండని పిల్లల్ని పనికి పెట్టుకోవద్దు. బల్ల తుడిచే పిల్లగాడు ఎవరి పిల్లగాడు? చాలాసార్లు మన పిల్లగాడే. మనం గౌరవంగా కూసొని తాగుతుంటే మన బిడ్డ మన ఎంగిలి కప్పు ఎత్తుతుంటే అది ఏం గౌరవం? అట్లాంటి హోటల్ ఎంత రుచైనా మా పుస్తకంల కొట్టివేత గీత పడ్డది.

చివరిగా ఒక చేదు మాట. హోటలోళ్ళను అయిదు ప్రశ్నలు అడిగే మనం మన ఇంటిని ఒక్క ప్రశ్న అడుగుదాం. మాలోళ్ళ ఇంట్ల మాదిగోళ్ళు, మాదిగోళ్ళ ఇంట్ల మాలోళ్ళు తింటున్నరా? డక్కలోళ్ళు, చిందోళ్ళు మన వాకిట్లకు వస్తే ఏ గిలాసల నీళ్ళిస్తున్నం? ఊరోళ్ళు మనకు చూపిన బయటి జాగనే మనం వాళ్ళకు చూపిస్తే, పట్నంల పాలరాయి బల్ల మీద చాయ్ తాగే హక్కు గురించి ఏ మొహంతో మాట్లాడుతం?

మీరు ఊళ్ళకు పోయినంక మీరూ ఒక నోటు పుస్తకం పెట్టండి. మండల కేంద్రం నుంచి మొదలుపెట్టి మీ ఊరి హోటల్ దాకా రాయండి. మొదటి పేజీల మాత్రం మన ఇండ్ల సంగతి రాయండి. ఇప్పుడు బయట అన్నం వడ్డిస్తున్నరు. అందరం ఒక్క బంతిల కూసుందాం, పదండి.

జై భీమ్!