ఇల్లూ, ఆపరేషన్ థియేటరూ: సర్జన్ కావాలనుకునే మన పిల్లలతో కొన్ని మాటలు

(డోంగ్లి యువజన సదస్సులో సంఘం విద్య, ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకిచ్చిన అంశం ఇది: క్యాన్సర్ సర్జన్‌గా పనిచేస్తూ, వెనుక వచ్చేవాళ్లకు దారి చూపిస్తూ, ఇల్లు కూడా చూసుకోవడం ఎట్లా? ముందే ఒక మాట. మా విభాగంలో టీచర్లున్నారు, నర్సులున్నారు, పిల్లల్ని డాక్టర్ చదువుకు పంపిన తల్లిదండ్రులున్నారు. సర్జన్ మాత్రం మాలో ఎవరూ లేరు. అందుకే కత్తి పట్టుకునే చేతి గురించి కాకుండా, ఆ చేతికి వెనుక నిలబడాల్సిన వాళ్ల వైపు నుంచి మాట్లాడతాం. ఆ వైపు మాకు బాగా తెలుసు.

తండాలకు వెళ్లి నీట్ రాసే పిల్లలతో కూర్చున్నప్పుడు ఆడపిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "సర్జరీ తీసుకుంటే పెళ్లి, పిల్లలు ఎట్లా?" మగపిల్లలు ఆ ప్రశ్న అడగరు. వాళ్లకు పెళ్లి కాదా? పిల్లలు పుట్టరా? పుడతారు. కానీ ఇల్లు ఎవరో ఒకరు చూసుకుంటారని వాళ్లకు చిన్నప్పటి నుంచే ధైర్యం. ఈ రోజు మేము చెప్పాలనుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది. ఇంటినీ వృత్తినీ సమంగా నడపడం ఒక్క మనిషి తెలివితేటలతో అయ్యే పని కాదు. ఇంట్లో ఎవరు ఏ బరువు మోస్తారో ముందే మాట్లాడుకుంటే అది నడుస్తుంది. మాట్లాడుకోకపోతే ఆ బరువంతా ఒకరి మీద, చాలాసార్లు ఆడమనిషి మీద పడుతుంది.

ముందు లెక్క చూద్దాం. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నర ఏళ్లు. జనరల్ సర్జరీలో ఎం.ఎస్. 3 ఏళ్లు. ఆ తర్వాత సర్జికల్ ఆంకాలజీలో ఎం.సి.హెచ్. ఇంకో 3 ఏళ్లు. మొత్తం పదకొండున్నర ఏళ్లు. మధ్యలో నీట్ మూడుసార్లు: యూజీకి ఒకటి, పీజీకి ఒకటి, సూపర్ స్పెషాలిటీకి ఒకటి. 18 ఏళ్లకు మొదలుపెట్టి, ప్రతి సీటూ మొదటి ప్రయత్నంలోనే వచ్చినా, చదువు పూర్తయ్యేసరికి 30 దగ్గర పడుతుంది. మన ఇండ్లలో సంబంధాలు చూసే వయసు, తల్లిదండ్రులకు ఒంట్లో శక్తి తగ్గే వయసు, తమ్ముళ్ల, చెల్లెళ్ల చదువులకు డబ్బు కావాల్సిన వయసు సరిగ్గా ఇదే. ఈ లెక్క చెప్పకుండా "మా బిడ్డ డాక్టర్ అయింది" అని ఐదో ఏడు ఊరేగింపు తీస్తే, ఆరో ఏడు నుంచి గొడవలు మొదలవుతాయి. "ఇంకా చదువేనా? సంపాదన ఎప్పుడు? పెళ్లి ఎప్పుడు?" అని అడుగుతారు. అడిగేవాళ్ల తప్పు కూడా కాదు. వాళ్లకు లెక్క ఎవరూ చెప్పలేదు. కాబట్టి మొదటి పని, ఈ పదకొండున్నర ఏళ్లను ఒక కాగితం మీద రాసి ఇంట్లో గోడకు అంటించండి. యాడికి, బాపుకు చదివి వినిపించండి.

ఇక పని ఎట్లా ఉంటుంది? సర్జన్ అంటే అర్ధరాత్రి ఫోన్ వచ్చి పరుగెత్తేవాడని మనకు సినిమాలు నేర్పాయి. క్యాన్సర్ సర్జరీ ఎక్కువగా అట్లా ఉండదు. చాలా ఆపరేషన్లు ముందే తేదీ వేసుకొని చేసేవి. ముందు ముక్క పరీక్ష, స్కాన్. ఆ తర్వాత సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్, పరీక్షల డాక్టర్లు ఒకచోట కూర్చొని ఒక్కో రోగి గురించి మాట్లాడుకొని నిర్ణయిస్తారు. దాన్నే ట్యూమర్ బోర్డు అంటారు. వారంలో కొన్ని రోజులు ఓపీ, కొన్ని రోజులు థియేటర్. అంటే వారం ఎట్లా గడుస్తుందో చాలావరకు ముందే తెలుస్తుంది. కానీ థియేటర్‌లోకి వెళ్లిన రోజు మాత్రం ఆ మనిషి మీకు దొరకడు. నోటి క్యాన్సర్‌కు దవడ భాగం తీసి, శరీరంలో ఇంకోచోటి నుంచి కండ తెచ్చి కుట్టే ఆపరేషన్ పొద్దున మొదలైతే చీకటి పడేదాకా సాగొచ్చు. ఆ రోజు బిడ్డ పుట్టినరోజైనా, ఇంట్లో పెళ్లిచూపులైనా మధ్యలో వదిలి రావడానికి ఉండదు. ఆపరేషన్ తర్వాత రక్తస్రావమైతే రాత్రి కూడా వెళ్లాల్సిందే. కాబట్టి ఇంటివాళ్లు రెండు విషయాలు తెలుసుకుంటే చాలు: థియేటర్ రోజు ఆశ పెట్టుకోవద్దు, మిగతా రోజుల్లో ఇంటికిచ్చిన మాట నిలబెట్టమని గట్టిగా అడగొచ్చు.

ఇప్పుడు నిజంగా జరిగిన రెండు కథలు చెప్తాం.

మొదటిది మద్రాసుది. ముత్తులక్ష్మి రెడ్డి గారు 1886లో పుదుక్కోట్టైలో పుట్టారు. 1912లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ పట్టా అందుకున్నారు. ఆడవాళ్లు బడికి వెళ్లడమే వింతగా చూసిన రోజులవి. 1914లో డాక్టర్ సుందర రెడ్డి గారిని పెళ్లి చేసుకునే ముందు ఆమె ఒక షరతు పెట్టారు: తనను సమానంగా గౌరవించాలి, తన ఇష్టాలకు అడ్డు రాకూడదు. వందేళ్ల కిందట ఒక ఆడపిల్ల పెళ్లికి ముందే ఆ మాట అడిగింది, ఆయన ఒప్పుకున్నాడు. మన దగ్గర కట్నం లెక్క, బంగారం లెక్క అన్నీ ముందే మాట్లాడతాం. ఉద్యోగం ఎక్కడ, చదువు ఆగుతుందా సాగుతుందా, పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నది మాత్రం పెళ్లయ్యాక మాట్లాడతాం. అప్పటికి ఆలస్యమైపోతుంది.

ముత్తులక్ష్మి గారి చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ దుఃఖం నుంచే మద్రాసు అడయార్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. 1954లో 12 పడకలతో మొదలైంది. ఆమె కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి గారు అక్కడ సర్జన్. ఆయనతో పాటు నిలబడ్డవారు డాక్టర్ వి. శాంత గారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. 2021 జనవరిలో కన్నుమూసేదాకా ఆ ఆస్పత్రే ఆమె ఇల్లు. 2005లో మెగసెసే అవార్డు, 2016లో పద్మవిభూషణ్ వచ్చాయి. ఎన్నో తరాల డాక్టర్లు ఆమె దగ్గర పని నేర్చుకున్నారు. శాంత గారి దారి గొప్పది. కానీ అది ఆమె తనకు తాను ఎంచుకున్న దారి. "మంచి డాక్టర్ కావాలంటే ఇల్లు వదులుకోవాలి" అని మా ఆడపిల్లలకు ఎవరైనా నియమం పెడితే మేము ఒప్పుకోం. ఒకే ఆస్పత్రి చరిత్రలో రెండు దారులూ ఉన్నాయి కదా: ఇద్దరు కొడుకుల తల్లి ఒకరు, పెళ్లే చేసుకోని మనిషి ఒకరు. ఇద్దరూ కలిస్తేనే ఆ ఆస్పత్రి నిలబడింది.

రెండోది మన హైదరాబాద్‌ది. డాక్టర్ పి. రఘురామ్ గారు రొమ్ము క్యాన్సర్ సర్జన్. విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలో చదివి, బ్రిటన్‌లో స్థిరపడ్డారు. ఆయన తల్లి డాక్టర్ ఉషాలక్ష్మి గారు స్త్రీల వైద్యురాలు. ఆమెకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కొడుకు బ్రిటన్‌లో ఉద్యోగం వదిలి హైదరాబాద్ తిరిగొచ్చారు. 2007లో తల్లి పేరు మీద ఫౌండేషన్ పెట్టారు. కిమ్స్‌లో రొమ్ము వ్యాధుల కేంద్రానికి కూడా ఆమె పేరే. తర్వాత ఊళ్లలో పేద మహిళలకు రొమ్ము పరీక్షలు చేసే పెద్ద కార్యక్రమం నడిపారు. అందుకోసం వేలమంది ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. 2015లో పద్మశ్రీ, 2021లో బ్రిటన్ వాళ్ల ఓబీఈ గౌరవం వచ్చాయి.

ఇందులో మనం గమనించాల్సింది అవార్డులు కాదు. ఆయన విషయంలో ఇల్లు ఒకవైపు, వృత్తి ఒకవైపు లాగలేదు. అమ్మకు వచ్చిన జబ్బే ఆయన పనికి దారి చూపించింది. గురువుగా కూడా ఆయన పని పెద్ద డాక్టర్ల దగ్గర ఆగిపోలేదు, ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త దాకా వచ్చింది. ఒక చేత్తో ఒక సర్జన్ ఎన్ని ఆపరేషన్లు చేయగలడు? గడ్డను తొలిదశలోనే గుర్తుపట్టడం ఆశా కార్యకర్తకు, నర్సుకు నేర్పితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయి? నేర్పడం సర్జన్ పనిలో భాగం, ఖాళీ ఉన్నప్పుడు చేసే దానం కాదు.

అయితే ఒక తేడా కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. రఘురామ్ గారి తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లే. ముత్తులక్ష్మి గారి భర్త డాక్టర్. ఆ ఇండ్లలో రాత్రి డ్యూటీ అంటే ఏమిటో ఎవరికీ వివరించాల్సిన పని లేదు. మన ఇంట్లో మొదటి డాక్టర్ మీరే అవుతారు. ఆ డాక్టర్‌కు ఇంటి బాధ్యతతో పాటు తండా మొత్తం బాధ్యత కూడా నెత్తిన పడుతుంది. జ్వరం వచ్చినా ఫోన్, పాము కరిచినా ఫోన్, ఆరోగ్యశ్రీ కార్డు పనిచేయకపోయినా ఫోన్. ఎత్తకపోతే "పట్నం పోయి మారిపోయాడు" అంటాం. మూడు రాష్ట్రాల సరిహద్దు దగ్గరున్న మన డోంగ్లి 2022లో మండలమైంది. అయినా పెద్ద జబ్బు వస్తే నిజామాబాదో, నాందేడో, హైదరాబాదో పోవాల్సిందే. ఆ దూరమంతా ఒక్క మనిషి ఫోన్‌లో మోయలేడు.

అందుకే తండాలకు మేము కొన్ని మాటలు చెప్తున్నాం.

తండాకు ఒక మనిషిని పెట్టుకుందాం. చదువుకున్న అమ్మాయో, అబ్బాయో, ఆశా కార్యకర్తో ఎవరైనా సరే. ముందు వాళ్లకు చెప్పాలి. ఆ మనిషి కాగితాలు, రిపోర్టులు ఒకచోట చేర్చి, అవసరమైతేనే మన డాక్టర్‌కు ఒక్కసారి ఫోన్ చేయాలి. ఆరోగ్యశ్రీలో ఇప్పుడు 10 లక్షల దాకా వైద్యం ఉంది. హైదరాబాద్‌లో 1955 నుంచి ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఈ సంగతులు చెప్పడానికి సర్జన్ అక్కర్లేదు.

తల్లిదండ్రుల బాగోగులు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకోవాలి. డాక్టర్ అయిన బిడ్డ డబ్బు పంపిస్తుంది కాబట్టి మిగతావాళ్ల పని అయిపోయిందనుకోవద్దు.

పండుగలన్నిటికీ రమ్మని పట్టుబట్టవద్దు. ఏడాది మొదట్లోనే ఒకటో రెండో ఎంచుకొని, ఆ తేదీలకు సెలవు పెట్టుకొమ్మని చెప్పండి. తీజ్‌కు వస్తానంటే తీజ్‌కే రానివ్వండి. రాని పండుగకు నిష్ఠూరాలు వద్దు.

ఇప్పుడు చెల్లెళ్లకు. పీజీ చదువులో పెళ్లయినా, కడుపుతో ఉన్నా చదువు మానేయాల్సిన పని లేదు. 2023లో వచ్చిన పీజీ వైద్య విద్య నిబంధనల్లో ప్రసూతి సెలవు ఉంది. ఏడాదికి కనీసం 20 రోజుల సెలవు, పని ఒత్తిడిని బట్టి వారానికో రోజు విశ్రాంతి కూడా రాసి ఉన్నాయి. సెలవు తీసుకున్నంత కాలం చదువు కొంత వెనక్కి జరగవచ్చు. అంతేగాని సీటు పోదు. ఎవరైనా "గర్భం వస్తే సర్జరీ కుదరదు" అంటే ఆ నిబంధనలు చూపించి అడగండి.

తమ్ముళ్లకు. మీలో ఒకరు సర్జన్ కావచ్చు, ఒకరు సర్జన్‌ను పెళ్లి చేసుకోవచ్చు. రెండింటికీ ఇప్పుడే అన్నం వండటం, పిల్లల్ని నిద్రపుచ్చడం నేర్చుకోండి. మీరు థియేటర్‌లో ఉన్నప్పుడు ఇల్లు తనంతట తాను నడవదు. ఎవరో తన ఉద్యోగాన్నో, చదువునో పక్కనపెట్టి నడిపిస్తారు. వాళ్ల పేరు కూడా మీ విజయంలో ఉండాలి. సంబంధం కుదిరే ముందు ముత్తులక్ష్మి గారి ప్రశ్నలు మీరే అడగండి, మీరే జవాబు చెప్పండి.

చివరగా దారి చూపడం గురించి. 2022లో మన రాష్ట్రంలో గిరిజన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతమైంది. 2013లో నిజామాబాద్‌లో, 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సీటు దగ్గరికొచ్చింది. సీటు వచ్చాక మొదటి ఏడాది తట్టుకోవడం ఇంకా కష్టంగానే ఉంది. ఇంగ్లీషు పుస్తకాలు, హాస్టల్లో ఒంటరితనం, "రిజర్వేషన్ వాడు" అనే చూపు. అప్పుడు కావాల్సింది ఉపన్యాసం కాదు, గోర్‌బోలీలో "తిన్నావా?" అని అడిగే ఒక అక్క, ఒక అన్న. కాబట్టి మెడిసిన్‌లో ఇప్పటికే ఉన్న ప్రతి ఒక్కరినీ మేము ఒక్కటే అడుగుతున్నాం. నెలకు ఒక సాయంత్రం, ఒక్క జూనియర్. అంతకు మించి వద్దు. మీ ఇంటికివ్వాల్సిన సమయం కూడా మాకిచ్చేయమని అడగం. పదిమందిని పట్టుకొని అలసిపోయే గురువు కంటే, ఒకరిని పట్టుకొని పదేళ్లు వదలని గురువు మాకు కావాలి.

తీజ్‌లో గోధుమ మొలకల గంపలకు తొమ్మిది రోజులు నీళ్లు పోస్తాం. ఏ గంపకూ ఒక్క పిల్లే నీళ్లు పోయదు, తండా ఆడపిల్లలంతా కలిసి పోస్తారు. మన పిల్లల్లో ఒకరు క్యాన్సర్ సర్జన్ కావడానికి పట్టేది తొమ్మిది రోజులు కాదు, పదకొండున్నర ఏళ్లు. అన్నాళ్లూ వంతులు వేసుకొని నీళ్లు పోయడానికి మనం సిద్ధమా అన్నదే ఈ రోజు మీ అందరి ముందు మేము పెట్టే ప్రశ్న. మా వంతుకు మేము సిద్ధం.