నూగు మొగ్గల టీ

పామర్రు సెంటర్లో బందరు బస్సు కోసమో గుడివాడ బస్సు కోసమో చూసేవాళ్ల చేతిలో ఉండేది చిక్కటి పాల టీ. అదే తేయాకు మొక్క నుంచి పాలు, పంచదార అక్కర్లేని వైట్ టీ కూడా వస్తుంది.

దీని పుట్టిల్లు చైనాలోని ఫుజియన్ రాష్ట్రం. వసంతంలో మొగ్గ ఇంకా విచ్చుకోకముందే, ఒంటి మీద తెల్లని నూగు ఉండగానే, చేత్తో గిల్లుతారు. ఆ తర్వాత వాడబెట్టడం, ఆరబెట్టడం, అంతే. మామూలు టీ ఆకులా నలపరు. పని తేలికని మాత్రం అనుకోకండి. ఆరేటప్పుడు వాన ముసురు పట్టిందా, మొగ్గ నల్లబడి సరుకంతా పాడవుతుంది.

మన దేశంలో డార్జిలింగ్‌లో, నీలగిరుల్లో చేస్తున్నారు. దాదాపు 2,000 మీటర్ల ఎత్తున, చలికి మొగ్గ నిదానంగా ఎదుగుతుంది. ఆ నిదానమే దానికి పరిమళం. తోటల్లో తేయాకును నడుమెత్తున కత్తిరించి పొదగా ఉంచుతారు గానీ, వదిలేస్తే అది చెట్టే. చైనా యునాన్ కొండల్లో అలా మానులైన అడవి తేయాకు చెట్లున్నాయి. వాటి మొగ్గలతోనూ వైట్ టీ చేస్తారు.

మన డెల్టాలో ఇది పండదు. తేయాకుకు ఆమ్లగుణమున్న నేల, నీరు నిలవని వాలు కావాలి. మన నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది, అది వరికి వరం.

కొని తెచ్చుకుంటే మాత్రం సలసల కాగే నీళ్లు పోయకండి. 80 డిగ్రీల వేడి చాలు, నాలుగైదు నిమిషాలు మూతపెట్టండి. లేత మొగ్గల్లోనూ కెఫీన్ బాగానే ఉంటుంది. నిద్ర సరిగా పట్టనివారు పొద్దుటిపూటే తాగండి.