తియ్య గుమ్మడి - కంటి చూపు

(ప్రసంగ పాఠము)



"గుమ్మడికాయల దొంగ యనిన భుజములు తడుముకొన్నట్లు" అను సామెత తెలుగుదేశమున నెరుగనివారుండరు. దొంగ భుజములనే యేల తడుముకొనవలెను? బూడిద గుమ్మడికాయ ముదిరినపుడు దానిపై తెల్లని పొడి పట్టును. కాయను మోసినవాని భుజమున కా పొడి యంటును. కావున ఆ సామెతలోని కాయ బూడిద గుమ్మడియే గాని తియ్య గుమ్మడి కాదు. ఈ రెండును ఒక కుటుంబములోనివే యైనను, వాని జాతియు, పుట్టిన చోటును, గుణమును వేరువేరు. ఈ భేదము తెలిసికొనుట పసిబిడ్డలున్న ఇంటికి మిగుల నవసరము.

బూడిద గుమ్మడి ఆసియా ఖండపు కాయ. గుమ్మమునకు దిష్టి తగులకుండ కట్టునది, మినపపిండితో కలిపి వడియములు పెట్టునది ఇదియే. తియ్య గుమ్మడి అమెరికా ఖండములది. మెక్సికో దేశమునందలి ఒక గుహలో దొరికిన గుమ్మడిజాతి గింజలు సుమారు 10,000 సంవత్సరముల నాటివని 1997లో బ్రూస్ స్మిత్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. 1492లో కొలంబస్ అమెరికా చేరిన పిమ్మటనే మిరప, టొమాటో, బంగాళాదుంపలతోపాటు ఇదియు ఇతర ఖండములకు వ్యాపించెను. పొరుగున నున్న ఒడియావారు దీనిని "బోయితి కఖారు" అందురు. వారి భాషలో "బోయిత" యనగా ఓడ. సముద్రము దాటి వచ్చిన ఈ కాయ నేడు సంక్రాంతి నాటి దప్పళములో లేకున్న పండుగ వెలితిగా నుండును.

ఇక పోషణ విషయము. అమెరికా ప్రభుత్వపు ఆహార పట్టిక ననుసరించి, 100 గ్రాముల పచ్చి తియ్య గుమ్మడిలో నీరు సుమారు 91 గ్రాములు, పిండిపదార్థములు 6.5 గ్రాములు, మాంసకృత్తులు 1 గ్రాము, శక్తి 26 కెలోరీలు ఉండును. ఈ లెక్క చూచినవారు ఇది వట్టి నీటికాయ యని తలపవచ్చును. కాని దీని విలువ యంతయు ఆ పసుపుపచ్చని రంగులో నున్నది. ఆ రంగు కెరొటినుల వలన వచ్చినది. బీటా కెరొటిను ఒక్కటియే ఆ 100 గ్రాములలో సుమారు 3,100 మైక్రోగ్రాము లుండును. శరీరము దీనిని "ఎ" విటమినుగా మార్చుకొనును. రకమును బట్టి, పక్వమును బట్టి ఈ పరిమాణము మారును. కండ ఎంత ముదురు రంగుగా నుండిన సాధారణముగా అంత మేలు. బూడిద గుమ్మడి కండ తెల్లనిది. అది చలువకును రుచికిని మంచిదే గాని, దానిలో కెరొటిను లేదనియే చెప్పవచ్చును.

"ఎ" విటమిను చాలనిచో మొదట రేచీకటి కలుగును. దీపము పెట్టు వేళకు బిడ్డ తడుముకొనుచు నడచుట దాని గురుతు. పిమ్మట కన్ను పొడిబారి, నల్లగ్రుడ్డు చెడి, చూపు శాశ్వతముగా పోవచ్చును. ఇట్టి అంధత్వమును నివారించుటకే 1970లో భారత ప్రభుత్వము పసిపిల్లలకు ఆరు మాసముల కొకమారు "ఎ" విటమిను ద్రవమును పోయు పథకము నారంభించెను. దీనికి వలసిన పరిశోధన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగెను. అది 1918లో కూనూరున పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ. రేచీకటి సోకిన బిడ్డను వెంటనే వైద్యునికి చూపవలెను. అపుడు గుమ్మడికూర ఔషధము కాజాలదు. ఆ దశ రాకుండ కాపాడుటయే కూర చేయగల పని.

కెరొటిను నూనెలో కరగును గాని నీటిలో కరగదు. కావున తియ్య గుమ్మడిని ఉడికించి, కొంచెము నూనెతో తినిననే శరీరమున కది బాగుగా పట్టును. పోపు వేసిన బెల్లపు పులుసు, ఆవపెట్టిన కూర, నువ్వులపొడి చల్లిన వేపుడు - పెద్దలు నేర్పిన ఈ వంటకములన్నియు శాస్త్రమునకు సమ్మతములే. అన్నము తిన నేర్చిన పసిబిడ్డకు మెత్తగా ఉడికించిన ముక్కను నేతిచుక్కతో మెదిపి పెట్టవచ్చును. మధుమేహము కలవారు మితముగా, బెల్లము లేకుండ తినుట మంచిది. చేదుగా నున్న గుమ్మడిని మాత్రము ఎవ్వరును తినరాదు. ఆ చేదు కడుపునకు హాని చేయును.

గింజలను పారవేయుట పెద్ద నష్టము. 100 గ్రాముల ఎండు గింజలపప్పులో సుమారు 30 గ్రాముల మాంసకృత్తులును, మెగ్నీషియము, జింకు, ఇనుము మొదలగు ఖనిజములును కలవు. కడిగి ఎండబెట్టి, దోరగా వేయించి తినవచ్చును. లేత ఆకులు కూరకు పనికివచ్చును. ఒడిశాలో పువ్వులను బియ్యపుపిండిలో ముంచి వేయింతురు.

భోగాపురము వంటి తీరగ్రామములలో ఇసుక కలిసిన నేలలు కలవు. పశువుల ఎరువు వేసి, నీరు నిలువకుండ చూచినచో అట్టి నేలలో తీగ చక్కగా సాగును. తొలకరికి నాటిన పాదు శీతకాలమునకు కాయల నిచ్చును. తీగకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూయును. పువ్వు క్రింద చిన్న పిందె యున్నది ఆడపువ్వు. సన్నని పొడవైన కాడ మాత్రమే యున్నది మగపువ్వు. ఉదయమున తేనెటీగలు పుప్పొడి చేర్చిననే పిందె నిలుచును. ధనుర్మాసమున గొబ్బెమ్మలకు పూలు కోయు బాలికలు మగపూలనే కోసి, వానిలోను కొన్నింటిని ఈగలకు విడువవలెను. అపుడు గొబ్బెమ్మకు పూవును, ఇంటికి కాయయు దక్కును.

బాగుగా ముదిరిన కాయను తొడిమతో కోసి, గాలి తగులు పొడిచోట నుంచిన కొన్ని మాసములు నిలువయుండును. ఎండకు ఆకుకూరలు మాడినపుడును, తుపానుకు పెరడు పాడైనపుడును అటుకపై నున్న ఆ కాయయే కుటుంబమునకు కూరయగును. కోసిన పిమ్మట మాత్రము త్వరగా వాడవలెను.

గుమ్మమునకు కట్టు గుమ్మడి వేరు, కంటికి మేలు చేయు గుమ్మడి వేరు. మొదటిదానిని ఇల్లిల్లును మరువక కట్టుచున్నది. రెండవదానిని చవుకకాయ యని చిన్నచూపు చూచుట తగదు. పెరటిలో ఒక పాదునకు చోటిచ్చి, వారమున కొకటి రెండుమారులు ఆకుకూరలతోపాటు దాని ముక్కను బిడ్డల కంచములో వడ్డించిన ఇల్లు, వారి చూపునకు చేయదగిన మేలులో కొంత చేసినదగును.